మాస్టారూ, మీ ఆరు నోట్‌బుక్కులు కంప్యూటర్లోకి ఎక్కించే ముందు

మాస్టారూ, నమస్కారమండి. మీ ప్రశ్న చదివాను, మీరు పంపిన రెండు పేజీల ఫొటోలు పెద్దవి చేసుకుని మళ్లీ మళ్లీ చూశాను. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటూ 2009 నుంచి 2023 దాకా చూసిన పక్షులన్నీ ఆరు నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు, రిటైరయ్యాక ఇప్పుడు వాటిని కంప్యూటర్లో పెట్టాలనుకుంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎక్సెల్‌లో అయితే ఒక్కో పక్షికి ఒక్కో షీటు తెరవాలా, కాకుల్ని గోరింకల్ని కూడా ఎక్కించాలా, తెలుగు పేర్లు పనికొస్తాయా, ఇవీ మీరడిగినవి. నేను తాళ్లరేవు వైపు ఉంటానండి. కోరింగ మడ అడవిలో, కాకినాడ తీరంలో, చలికాలం కొల్లేట్లో పక్షులు చూడటం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నా పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి నాకు మూడేళ్లు పట్టింది, అందులో ఒక ఏడాది చేసిన తప్పులు దిద్దుకోవడానికే పోయింది. ఆ ఏడాది మీకు మిగలాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట, ఏమీ కొనొద్దు. మీకు కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఎక్సెల్ లేకపోతే లిబ్రే ఆఫీస్ వేసుకోండి, సరిపోతుంది. ఇంటర్నెట్‌తో పని లేకుండా సొంత కంప్యూటర్లోనే పక్షుల లెక్కలు పెట్టుకోవాలనుకునేవాళ్లకు సైత్‌బిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. అందరితో కలిసి దాచుకోవడానికి ఈబర్డ్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల పక్షి పరిశోధన సంస్థ, అక్కడి పక్షి సంరక్షణ సంఘం ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టారు, ఇప్పుడు మన దేశంలో పక్షులు చూసేవాళ్లలో చాలామంది దాంట్లోనే రాస్తున్నారు. నా సలహా ఏంటంటే ముందు ఎక్సెల్ షీటులో శుభ్రంగా ఎక్కించి, అక్కడ తప్పులు దిద్దుకుని, ఆ తర్వాతే ఈబర్డ్‌కి పంపండి. నేరుగా ఈబర్డ్‌లో కొట్టుకుంటూ పోతే పుస్తకంలో మీరు రాసిన మాట ఒకటి, అక్కడ ఎక్కినది ఒకటి అయిపోతుంది, పదేళ్ల తర్వాత ఏది అసలుదో తేల్చలేరు.

కంప్యూటరు తెరిచే ముందు ఇంకో పనుంది, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. ఆరు పుస్తకాల్లో ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, ఫోనుతో ఫొటో తీసేయండి. పగటి వెలుతురులో, పేజీ నంబరు కనబడేలా. నంబర్లు లేకపోతే మూలన పెన్సిల్‌తో వేసి మరీ తీయండి. నేను 2001 నుంచి రాసిన పుస్తకాలు నాలుగు మా అమ్మగారింట్లో, లంకలో, అటక మీద ట్రంకుపెట్టెలో ఉండేవి. 2006 ఆగస్టు వరదకి ఏటిగట్టు దాటి నీళ్లు వచ్చాయి. పెట్టె కిందకి దించి పడవలోకి ఎక్కించేలోపే తడిసిపోయాయి, ఇంకు పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలం మరకలు. ఒక్క పుస్తకం, అదీ సగం, పెన్సిల్‌తో రాసింది కాబట్టి మిగిలింది. అప్పటి సంక్రాంతి రోజుల్లో ఉప్పుటేరు పక్కన ఎన్ని ఉల్లంకులు చూశానో ఇవాళ ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ పుస్తకాలున్నది కూడా గోదావరి పక్కనే కదండీ. ఆరు పుస్తకాల ఫొటోలు రెండు మధ్యాహ్నాల పని.

ఇక మీ పేజీల సంగతి. మీరు పంపిన రెండింట్లో ఒకటి 2012 డిసెంబరు 16, ఆదివారం. "ఉదయం 6.40 నుంచి 8 వరకు, ఏటిగట్టు మీద లాకుల దాకా నడక" అని పైన రాసి, కింద పక్షులన్నీ వరసగా రాశారు, కాకులతో సహా. రెండోది మామూలు రోజు, బడికి సైకిల్ మీద వెళ్తూ చూసినవి, అందులో పాలపిట్ట ఒకటి, గద్ద ఒకటి, అంతే. ఆ రోజు దారిలో కాకి లేక కాదు, రాయాలనిపించలేదు కాబట్టి రాయలేదు. ఈ రెండు రకాల పేజీల తేడా మీకు తెలుసు, కంప్యూటరుకి తెలియదు. దానికి మీరే చెప్పాలి. నేనీ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

ఆదివారం పేజీలో నత్తగుల్లకొంగ లేదంటే ఆ గంటా ఇరవై నిమిషాల్లో మీకది కనబడలేదని అర్థం. అది కూడా సమాచారమే. సైకిల్ పేజీలో నత్తగుల్లకొంగ లేదంటే ఏ అర్థమూ లేదు. అందుకే ఈబర్డ్ ప్రతి జాబితా చివర ఒక ప్రశ్న అడుగుతుంది, మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా అని. అవునంటే అది పూర్తి జాబితా. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదికలో 942 జాతుల పరిస్థితి లెక్కగట్టారు, 30 వేలమందికి పైగా మనుషులు ఈబర్డ్‌లో రాసిన 3 కోట్ల పైచిలుకు నమోదుల మీద ఆ లెక్క నిలబడింది. ఒక జాతి పెరుగుతోందా తగ్గుతోందా తేల్చడానికి వాళ్లు చూసింది నూరు పూర్తి జాబితాల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందనే. అందువల్ల పక్షి లేని జాబితాకీ ఉన్న జాబితాకీ సమానమైన విలువ ఉంటుంది.

దీంతోనే మీ కాకుల ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఎక్కించండి, తప్పకుండా ఎక్కించండి. కాకి, గోరింక, పిచ్చుక, రామచిలుక, అన్నీ. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని అందరూ అంటుంటే, ఇదే పేరుతో 2020లో వచ్చిన నివేదికలో దేశం మొత్తం మీద అవి దాదాపు నిలకడగానే ఉన్నాయని, తగ్గింది పెద్ద నగరాల్లోనని చెప్పగలిగారు. ఎందుకు చెప్పగలిగారు? పిచ్చుకను కూడా విసుగు లేకుండా రాసినవాళ్లు ఉండబట్టి. పాలపిట్ట సంగతి దీనికి తిరగబడింది. తీగ మీద కూర్చుని రోజూ కనిపించేది కదా అని ఎవరికీ అనుమానం రాలేదు, 2023 నివేదిక చూస్తే అది బాగా తగ్గిపోయిన పక్షుల్లో ఉంది, దాని ప్రమాద స్థాయిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని అడిగిన 14 జాతుల్లో అదొకటి. 2018 వరకు మన రాష్ట్ర పక్షి అది, ఆ తర్వాతే రామచిలుక అయింది. మీ ఊళ్లో 2009లో పాలపిట్ట ఎన్ని ఆదివారాలు కనబడింది, 2023లో ఎన్ని ఆదివారాలు కనబడింది, ఈ ఒక్క లెక్క కోనసీమలో మీ పుస్తకాలు తప్ప ఇంకెవరు చెప్పగలరో నాకు తెలియదు.

ఇప్పుడు ఎక్సెల్. ఒక్కో పక్షికి ఒక్కో షీటు వద్దండి. నేను మొదట అలాగే చేశాను, 180 షీట్లు అయ్యాయి, ఒక రోజు ఏమేం చూశానో తెలుసుకోవాలంటే 180 షీట్లూ తిప్పాలి. మూడు షీట్లు చాలు. మొదటిది చోట్లది, మీరు తిరిగే ప్రతి చోటుకీ ఒక వరస. రెండోది నడకలది, మీరు పక్షులు చూడ్డానికి వెళ్లిన ప్రతిసారికీ ఒక వరస, దానికో నంబరు, ఏ చోటు, తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం, ఎంతమంది వెళ్లారు, పూర్తి జాబితా అవునా కాదా. మూడోది పక్షులది, అందులో ప్రతి వరసలో నడక నంబరు, ఒక పక్షి, ఎన్ని, ఏమైనా మాట. పుస్తకం నంబరు, పేజీ నంబరు కూడా ఈ మూడో షీటులోనే రాయండి, అనుమానం వచ్చిన రోజున అర నిమిషంలో ఆ పేజీ ఫొటో తెరిచి చూసుకోవచ్చు. తేదీ, సమయం ప్రతి పక్షి పక్కనా మళ్లీ మళ్లీ కొట్టక్కర్లేదు, నడక నంబరే ముడి. మీ డిసెంబరు 16 పేజీ నడకల షీటులో ఒక్క వరస అవుతుంది, పక్షుల షీటులో 23 వరసలు అవుతుంది, నేను లెక్కపెట్టాను.

చోట్ల షీటు గురించి ఒక్క హెచ్చరిక. జిల్లా పేరు నమ్ముకోకండి. మీ పుస్తకాల్లో అంతా తూర్పు గోదావరి జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మీరు కోనసీమ జిల్లా అయ్యారు, కోరింగ కాకినాడ జిల్లాలోకి వచ్చింది, కొల్లేటి పక్కన కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి పోయింది. పక్షి ఉన్న చెరువు ఉన్నచోటే ఉంది, కాగితం మీద పేరే మారింది. అందుకని ప్రతి చోటుకీ అక్షాంశం, రేఖాంశం వేసుకోండి. ఫోన్‌లో మ్యాపు తెరిచి ఆ చోట వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి, అమలాపురానికి 16.58, 82.01 అలా. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. తారుమారు చేస్తే మీ కొంగలు ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో తేలతాయి. ఇంకా, చోటు అంటే చిన్న చోటు. "అమలాపురం చుట్టుపక్కల" అని ఒకే గుర్తు పెట్టొద్దు. ఏటిగట్టు లాకుల దాకా ఒకటి, ఊరి చెరువు ఒకటి, మురుగు కాలువ వెంట ఒకటి. ఒకటి రెండు కిలోమీటర్లకి ఒక జాబితా ఉంటే అన్నిటికన్నా మంచిది, ఎంత నడిచినా ఒక జాబితా 8 కిలోమీటర్లు దాటనివ్వకండి.

తేదీల దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది. మనం 05/12 అంటే డిసెంబరు 5 అనుకుంటాం. కంప్యూటర్ సెట్టింగుల్లో అమెరికా పద్ధతి ఉంటే అది మే 12 అవుతుంది. 13 నుంచి 31 దాకా ఉన్న తేదీల్ని అది మార్చలేదు కాబట్టి కొన్ని సరిగ్గా, కొన్ని తప్పుగా ఎక్కుతాయి, అందుకే కంటికి దొరకదు. నా షీటులో మే నెలలో వందల కొద్దీ సూదితోక బాతులు కనబడేసరికి గుండె జారిపోయింది, అవి చలికాలం అతిథులు, మేలో కొల్లేట్లో ఏం పని వాటికి? 400 వరసలు చేత్తో దిద్దాను. మీరు సంవత్సరం, నెల, రోజు మూడు వేరు వేరు నిలువు వరసల్లో కొట్టండి. 2012, 12, 16. దాన్ని ఏ కంప్యూటరూ అపార్థం చేసుకోలేదు.

తెలుగు పేర్లు పనికొస్తాయా అన్నారు. పనికొస్తాయి, నిజానికి ఉండి తీరాలి, కాకపోతే ఒక్క తెలుగు పేరుతోనే సరిపెట్టకూడదు. పక్షుల షీటులో రెండు పేర్లకి చోటు పెట్టండి. ఒకటి పుస్తకంలో మీరు రాసిన మాట, అక్షరం మార్చకుండా. రెండోది ఇప్పుడు మీరు నిర్ధారించిన ఇంగ్లీషు పేరు. మీ పేజీలో "తెల్లకొంగలు లెక్కలేనన్ని" అని ఉంది చూశారా. మన చేలల్లో తెల్లకొంగ అనే మాట కనీసం నాలుగు పక్షులకి వాడతాం. గేదెల వెంట తిరిగే క్యాటిల్ ఎగ్రెట్, నల్లకాళ్లు పసుపు పాదాల లిటిల్ ఎగ్రెట్, మీడియం ఎగ్రెట్, పొడుగు మెడ గ్రేట్ ఎగ్రెట్. ఆ రోజు ఏది చూశారో ఇప్పుడు గుర్తులేకపోతే ఊహించి రాయొద్దు. జాతి తేలని తెల్లకొంగ అని వదిలేయండి, ఈబర్డ్‌లో అలాంటి తేలని పక్షులకి కూడా వరసలుంటాయి. లకుముకి కూడా అంతే. మీరు ఒకచోట "నలుపు తెలుపు లకుముకి, నీళ్ల మీద గాల్లో నిలబడి" అని రాశారు, అది సందేహం లేకుండా పైడ్ కింగ్‌ఫిషర్, ధైర్యంగా రాయొచ్చు. ఒట్టి "లకుముకి" అని ఉన్నచోట మాత్రం ఆగాలి. నీటికాకులూ అంతే, మన దగ్గర చిన్నదీ ఉంది, దానికన్నా పెద్దదైన ఇండియన్ కార్మొరెంటూ ఉంది.

పుస్తకంలో మాట అలాగే ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. పక్షుల పేర్లూ జాతుల విభజనా శాస్త్రవేత్తలు మారుస్తూనే ఉంటారు, ఈబర్డ్‌లో ఏడాదికోసారి ఆ మార్పులు దిగుతాయి. 2022లో లెస్సర్ శాండ్ ప్లోవర్ అనే తీరపక్షిని సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడగొట్టారు. కాకినాడ తీరంలో నేను పదేళ్లపాటు లెస్సర్ అని రాసుకున్నవన్నీ ఒక్కసారిగా ప్రశ్న అయి కూర్చున్నాయి. క్యాటిల్ ఎగ్రెట్‌ని కూడా తూర్పుది, పశ్చిమది అని విడదీశారు, మనది తూర్పుది. అసలు మాట పక్కనే భద్రంగా ఉంటే ఎన్ని మార్పులు వచ్చినా వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవచ్చు.

తెలుగులో కొట్టేటప్పుడు యూనికోడ్‌లోనే కొట్టండి, ఫోన్‌లో వాట్సాప్‌కి కొట్టేదే యూనికోడు. డీటీపీ షాపుల్లో వాడే పాత రకం ఫాంట్లతో కొట్టిస్తే వేరే కంప్యూటర్లో తెరిచినప్పుడు అర్థం లేని గుర్తులు కనబడతాయి, పేరు వెతికినా దొరకదు. ఫైలు సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలతో ఉండే మామూలు అక్షరాల ఫైలుగా, దాచేటప్పుడు కూడా యూటీఎఫ్-8 అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. ఇంకా, నత్తగుల్లకొంగ అని కలిపి ఒకసారి, నత్తగుల్ల కొంగ అని విడదీసి ఒకసారి, నత్తకొంగ అని ఇంకోసారి కొడితే కంప్యూటరుకి అవి మూడు పక్షులు. పుస్తకం మాట ఎలాగూ ఉన్నదున్నట్టు రాస్తున్నారు కాబట్టి అక్కడ ఫర్వాలేదు, ఇంగ్లీషు పేరు మాత్రం చేత్తో కొట్టకుండా ఒక జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టుకోండి. డేటా వాలిడేషన్ అని ఉంటుంది, మీ మనవలెవరైనా పది నిమిషాల్లో పెట్టిస్తారు.

అంకెల దగ్గర కూడా ఉన్నది ఉన్నట్టే. "40 పైగా" అంటే 40 రాసి పక్కన "పైగా" అని మాట రాయండి. "లెక్కలేనన్ని" అంటే అంకె వేయొద్దు, ఈబర్డ్‌లో అలాంటి చోట ఎక్స్ అనే అక్షరం పెడతారు, పక్షి ఉంది, లెక్క లేదు అని దాని అర్థం. ఇకముందు మాత్రం లెక్క ఎగ్గొట్టకండి. గుంపు పెద్దదైతే ముందు పది పక్షులు ఎంత చోటు పట్టాయో చూసుకుని, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట బురద మేటల మీద వేల ఉల్లంకులు దిగినప్పుడు మేమంతా చేసేది అదే, యాభైలుగా, వందలుగా. ఆ గుంపుల్లో గ్రేట్ నాట్ ఉంటుంది, పక్కనే ఇసక మీద ఇండియన్ స్కిమ్మర్లు ఉంటాయి, ప్రపంచమంతటా ప్రమాదంలో ఉన్న పక్షులివి రెండూ. వాటి విషయంలో రమారమి లెక్క కూడా లెక్కలేనన్ని అనే మాటకన్నా ఎంతో మేలు.

ఇక్కడ ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని అడగని రెండు విషయాలు చెప్తాను, మన ప్రాంతానికి ఇవి లేకపోతే పక్షుల లెక్క సగమే అర్థమవుతుంది. మొదటిది చేను. నడకల షీటులో చేను పరిస్థితి అని ఒక నిలువు వరస కలుపుకోండి. సార్వానా (వానాకాలం పంట) దాళ్వానా (రెండో పంట), దమ్ము చేస్తున్నారా, ఊడ్పులా, పొట్ట మీద ఉందా, కోతలా. దమ్ము చేసే రోజు ట్రాక్టరు వెనక రెండు వందల కొంగలుంటాయి, వారం తర్వాత అదే చేలో పది ఉండవు. పంట రాయకపోతే తర్వాత చూసేవాడు కొంగలు తగ్గిపోయాయని అనుకుంటాడు. కాలువలు కట్టేసిన రోజుల్లో అడుగున మిగిలిన మడుగుల దగ్గర పక్షులన్నీ ఒకచోట చేరతాయి, అది కూడా రాయాలి. మీ పుస్తకాల్లో ఇది చాలాచోట్ల ఉండే ఉంటుంది, మీరు రైతుబిడ్డ కాబట్టి తెలియకుండానే రాసి ఉంటారు, "ఊడ్పులు జోరు" అని ఆ డిసెంబరు పేజీ అడుగున చూశాను. ఇంకొకటి, చేను చెరువైపోవడం. పదిహేనేళ్లలో ఎన్ని వరిచేలు రొయ్యల చెరువులు అయ్యాయో మీకు నాకన్నా బాగా తెలుసు. చోట్ల షీటులో ఏ చోటు ఏ ఏడు చెరువయిందో ఒక మాట రాసి పెట్టండి. అది ఉపగ్రహం బొమ్మల్లో కనబడుతుందేమో గాని, ఆ మార్పుకి ముందు గట్టు మీద ఏ పిట్ట కూసేదో మీ పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు.

రెండోది ఆటుపోటు, ఇది ఓడలరేవు, అంతర్వేది వైపు వెళ్లినప్పటి పేజీలకి. పాటు సమయంలో బురద బయటపడి పక్షులు మైళ్ల పొడవునా చెదిరి మేస్తుంటాయి, పోటు ఎక్కేసరికి అన్నీ ఒక ఇసక తిన్నె మీద గుంపు కడతాయి. ఒకే బీచిలో ఉదయం 60, మధ్యాహ్నం 2000. తప్పు ఎవరిదీ కాదు, నీళ్లది. పోటా పాటా రాయండి చాలు. వేటకి వెళ్లేవాళ్లని అడిగితే నిమిషాలతో సహా చెప్తారు.

సరే, షీటు తయారయ్యాక ఈబర్డ్‌కి పంపడం. ఫైలు మొత్తం ఒకేసారి ఎక్కించే వీలుంది, కానీ వాళ్లు అడిగిన నిలువు వరసల క్రమం తప్పకూడదు, పైన శీర్షికల వరస ఉండకూడదు, తేదీ నెల ముందు రోజు తర్వాత రావాలి, దూరం మైళ్లలో ఉండాలి, ఫైలు ఒక మెగాబైట్ దాటకూడదు. కాబట్టి ఒక్కో ఏడాది ఒక్కో ఫైలుగా పంపండి, అసలు షీటు ముట్టుకోకుండా దాని నకలు మీద ఈ మార్పులు చేయండి. ముందుగా 20 వరసలు మాత్రమే పంపి, ఈబర్డ్‌లో మీ జాబితాలు ఎలా కనబడుతున్నాయో పుస్తకంతో పోల్చి చూసి, తర్వాతే మిగతావి. ఆదివారం నడకలు ప్రయాణం రకం కింద, ఒకేచోట నిలబడి చూసినవి స్థిరం రకం కింద, సైకిల్ మీద కనబడినవి యాదృచ్ఛికం కింద వెళ్తాయి. పక్షులు చూడ్డానికే వెళ్లారు గాని సమయం, దూరం రాయలేదు, ఇప్పుడు గుర్తూ లేదు అనుకోండి, వాటికి హిస్టారికల్ అనే రకం ఉంది. సమయం లేని పేజీకి "ఆదివారమే కదా, ఆరున్నరకి వెళ్లి ఉంటాను" అని వేయొద్దు మాస్టారూ. ఖాళీగా ఉన్నది ఖాళీగానే ఉండనివ్వండి. నిజంగా రాసిన వెయ్యి పేజీల మధ్య ఊహించి రాసినవి యాభై కలిస్తే ఏవి ఏవో మీకే తెలియకుండా పోతుంది.

మీరు పంపిన వాటిలో కొన్నిటి మీద ప్రశ్నలు వస్తాయి. ప్రతి ప్రాంతానికీ ఏ నెలలో ఏ పక్షి ఎన్ని ఉండొచ్చో ఒక వడపోత ఉంటుంది, దాన్ని దాటినవి స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు చూసి, ఎలా గుర్తుపట్టారండీ అని మెయిల్ రాస్తారు. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుని మానేస్తారు, అలా అనుకోకండి. పుస్తకంలో ఉన్న వివరం పంపండి, ఆ పేజీ ఫొటో పెట్టండి. వివరం లేకపోతే లేదని చెప్పండి, ఆ ఒక్క నమోదు మీ జాబితాలో మీకు ఉంటుంది, ఉమ్మడి లెక్కలోకి వెళ్లదు, అంతే.

ఇకనుంచి చూసేవాటికి ఫోన్లో ఈబర్డ్ యాప్ వాడండి. దూరం, సమయం అదే కొలుచుకుంటుంది. మడ అడవిలో, లంకల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే మన ప్రాంతం పక్షుల జాబితా ప్యాక్ దించుకుని వెళ్లండి, తిరిగొచ్చాక పంపొచ్చు. 15 నిమిషాలకి తగ్గకుండా ఒక జాబితా పెట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఒకరే రాసి మిగతావాళ్లకి యాప్‌లోనే షేర్ చేయాలి, ఎవరికి వారు పంపితే అవే కొంగలు మూడుసార్లు లెక్కలోకి వస్తాయి. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది, కానీ అది పేరు చూపించింది కదా అని రాయొద్దు, ఆ పిట్టని మీరు చూసో, ఆ కూత మీ చెవితో గుర్తుపట్టో రాయండి. గూళ్లు పెట్టిన చోటు మాత్రం ఎవరికీ కచ్చితంగా తెలియనివ్వకండి. ఆ జాబితాని ఇతరులకి కనబడకుండా దాచే వీలు ఈబర్డ్‌లోనే ఉంది. మరి నోట్‌బుక్ మానేయాలా అంటే, నేను మానలేదు. యాప్‌లో పక్షి, అంకె పడతాయి, ఊడ్పులు జోరు అనే మాట పుస్తకంలోనే పడుతుంది.

పాత పేజీలు ఎప్పుడూ వృథా కావండి. 1940ల్లో నీలకంఠన్ అనే ఆయన, తర్వాత కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాసినాయన, మన పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టడం చూసి వివరంగా రాశారు. ఇవాళ కొల్లేట్లో, ఆటపాకలో గూడబాతుల్ని చూసేవాళ్లు పోల్చుకోవడానికి ఆ రాత ఉంది. అప్పుడాయన దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు, చోటు, తేదీ, లెక్క ఉన్నాయి.

దాచుకోవడం గురించి రెండు ముక్కలు. షీటూ పేజీల ఫొటోలూ మూడుచోట్ల ఉండాలి. మీ కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో ఒకటి, మూడోది మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో, హైదరాబాద్‌లో పిల్లలుంటే వాళ్ల దగ్గర, లేకపోతే ఇంటర్నెట్‌లో. తుపాను వచ్చినా వరద వచ్చినా మూడూ ఒకేసారి పోవు. ఈబర్డ్‌లో ఎక్కించాక కూడా ఆరు నెలలకోసారి మీ డేటా మొత్తం దించుకోండి, మీ ఖాతాలోనే ఆ బటన్ ఉంటుంది, సీఎస్‌వీ ఫైలు మీ మెయిల్‌కి వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని మీకు అనిపిస్తే, 2009 పుస్తకంతో కాకుండా చివరిదానితో, 2023తో మొదలుపెట్టండి. అవి మీకింకా గుర్తున్నాయి, తెల్లకొంగ ఏ తెల్లకొంగో చెప్పగలరు, చేతికి అలవాటయ్యాక వెనక్కి వెళ్లండి. రోజుకి రెండు పేజీలు మించకండి, అలసిపోయి కొట్టినప్పుడే అంకెలు తప్పుతాయి. మొదటి పది నడకలు అయ్యాక ఆ మూడు షీట్లూ నాకు పంపండి, పేజీల ఫొటోలతో కలిపి పంపండి. వరస వరస పోల్చి చూసి ఎక్కడైనా తేడా ఉంటే చెప్తాను. ఆ డిసెంబరు 16 పేజీలో "ఉల్లంకి లాంటిది, తోక ఆడిస్తూ, లాకు తలుపు మీద" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు కదా, అది కామన్ శాండ్‌పైపర్ అయ్యుంటుందని నా అనుమానం. అయినా మీరు ఇంకోసారి ఆలోచించి, దాని రెక్క మీద తెల్ల గీత చూసిన గుర్తుంటేనే రాయండి, లేకపోతే ఆ ప్రశ్న గుర్తుతోనే ఎక్కించండి.